కాలేజీలో గెస్ట్ లెక్చర్లు, కచేరీల సిరీస్: తేదీ ఖాయం చేయడం నుంచి చివరి వోచర్ దాకా

"ఈ ఏడాది సిరీస్ నాకు అప్పజెప్పారు సార్, ఎవరిని పిలవమంటారు?" నన్ను అడిగేవాళ్లలో తొంభై పాళ్లు ఇలాగే మొదలుపెడతారు. నిజానికి అది మూడో ప్రశ్న. మొదటిది ఎప్పుడు, రెండోది ఎక్కడ. ఈ రెండూ తేలకుండా ఎంత గొప్పవారిని పిలిచినా, ఆ రోజు హాల్లో ఇంటర్నల్ పరీక్ష జరుగుతూ ఉంటుంది.

కింద రాసింది ఏడాదికి ఎనిమిదో పదో కార్యక్రమాలు నడిపే కాలేజీ కోసం. లెక్చర్‌కీ కచేరీకీ పనులు చాలావరకు ఒకటే. తేడా వచ్చే చోట విడిగా చెప్పాను.

## 1. ముందు క్యాలెండర్ ముందేసుకోండి

అకడమిక్ క్యాలెండర్ ప్రింట్ తీసి, పనికిరాని రోజులన్నీ ఎర్ర పెన్నుతో కొట్టేయండి. పరీక్షలు, పరీక్షల ముందు వారం, సెలవులకి ముందు రోజు, సెలవుల తర్వాతి రోజు, సెమిస్టర్ మొదటి వారం, ఆటల పోటీలు, అడ్మిషన్లు. మిగిలినవే మీ తేదీలు. పదహారు వారాల సెమిస్టర్‌లో ఏడెనిమిది మిగిలితే అదృష్టమే. అందులో ఐదే ప్రకటించండి. ఒకటి ఖాళీగా అట్టిపెట్టుకోండి, మాట ఇచ్చి రాలేకపోయిన అతిథికి పనికొస్తుంది.

వారం, గంట మాత్రం మార్చొద్దు. "గురువారం, సాయంత్రం నాలుగున్నర" అని ఒకసారి అలవాటైతే మూడో కార్యక్రమానికి పోస్టర్ చూడకుండానే వచ్చేవాళ్లు తయారవుతారు. అతిథి వీలుని బట్టి ఒకసారి మంగళవారం, ఒకసారి శనివారం పెడితే ప్రతిసారీ జనాన్ని మొదటి నుంచి పోగేసుకోవాలి. అయిదు కార్యక్రమాలు చేసినంత మాత్రాన సిరీస్ అయిపోదు. కాబట్టి ఎంత పేరున్నవారినైనా మన తేదీల్లోంచే ఎంచుకోమనండి. కుదరదంటే వచ్చే ఏడాదికి ఇప్పుడే అడిగి ఉంచండి. ఈ విషయంలో నేను మొండివాణ్ణే.

లెక్చర్లూ కచేరీలూ కలిసి ఉన్న సిరీస్ అయితే వాటిని జతలుగా పేర్చండి. వాద్యం ఎలా పలుకుతుందో ఫిజిక్స్ లెక్చరర్ చెప్పిన పక్షానికి అదే వాద్యం కచేరీ పెడితే, మొదటిదానికి వచ్చినవాళ్లు రెండోదానికీ వస్తారు. పైగా వినడం కూడా వేరేగా వింటారు.

## 2. హాలు: పెద్దది కాదు, నిండేది

రెండొందల సీట్ల ఆడిటోరియంలో 60 మంది కూర్చుంటే వక్తకి కనిపించేది 140 ఖాళీ కుర్చీలు. అదే 60 మంది 80 సీట్ల సెమినార్ హాల్లో ఉంటే నిండు సభ. పెద్ద హాలు తప్ప గతి లేకపోతే వెనక వరుసలకి అడ్డంగా తాడు కట్టేయండి. ముందు వరుసలు నిండాక ఒక్కొక్కటిగా విప్పండి. ఇది మొహమాటపడే పని కాదు. వెనక కూర్చోవడానికి వచ్చేవాళ్లు ఎక్కడైనా వెనకే కూర్చుంటారు, ఆ వెనక అనేది ఎక్కడుండాలో మనం నిర్ణయిస్తాం, అంతే.

తర్వాత చప్పట్ల పరీక్ష. ఖాళీ హాలు మధ్యలో నిలబడి గట్టిగా ఒక్క చప్పట్టు కొట్టి, ఆ శబ్దం ఎంతసేపు తేలాడుతుందో వినండి. ఉపన్యాసానికి అది ఒక సెకను లోపు అణగిపోవాలి. లేకపోతే ఒక అక్షరం పూర్తిగా ఆగకముందే ఇంకో అక్షరం దాని మీదెక్కి మాట ముద్దయిపోతుంది. చిన్న బృందాల వాద్య సంగీతానికి ఒకటిన్నర సెకను దరిదాపుల్లో, పెద్ద ఆర్కెస్ట్రాకి రెండు సెకన్ల దాకా ఉంటే ఇంపుగా ఉంటుంది. అంటే మాటకి బాగున్న హాలు పాటకి పొడిపొడిగా, పాటకి బాగున్న హాలు మాటకి గందరగోళంగా ఉండటం మామూలే.

1895లో హార్వర్డ్‌లో ఫాగ్ మ్యూజియం లెక్చర్ హాలు తెరిచినప్పుడు అచ్చం ఇదే గొడవ. ఖాళీ గదిలో శబ్దం దాదాపు ఐదున్నర సెకన్లు నిలిచేది, చెప్పేది ఎవరికీ అర్థమయ్యేది కాదు. సంగతేమిటో చూడమని వాలెస్ సబైన్ అనే కుర్ర ఫిజిక్స్ ప్రొఫెసర్‌ని పురమాయించారు. ఆయన దగ్గర్లోని థియేటర్ సీట్ల కుషన్లు రాత్రిళ్లు మోయించుకొచ్చి, ఆర్గన్ గొట్టం మోగించి, ఎన్ని కుషన్లు పరిస్తే శబ్దం ఎంత త్వరగా ఆగుతోందో కొలుచుకుంటూ పోయాడు. మనకి కావలసింది ఆ కుషన్ల సంగతే. మెత్తని వస్తువులూ, మనుషులూ శబ్దాన్ని పీల్చుకుంటాయి. లెక్చర్ రోజున మందపాటి కర్టెన్లు పూర్తిగా వేయండి, వేదిక మీద తివాచీ పరవండి. మైకుల్లేని కచేరీకి కర్టెన్లు పక్కకి లాగేయండి. ఇందులో ఖర్చేమీ లేదు.

ఇక మూడో పరీక్ష, అందరూ వదిలేసేది. కార్యక్రమం జరిగే గంటకే, మామూలు పనిరోజున, హాల్లో కళ్లు మూసుకుని పది నిమిషాలు కూర్చోండి. ఫ్యాను కిర్రు, జనరేటర్, పక్క గ్రౌండ్‌లో బంతి, కారిడార్‌లో చెప్పుల చప్పుడు అన్నీ రాసుకోండి.

నేనిది చేయని ఏడాది ఒకటుంది. వయొలిన్ కచేరీ. నెమ్మదిగా సాగే భాగం, విల్లు తీగని తాకుతోందో లేదో తెలియనంత సన్నగా పలుకుతోంది, హాలంతా ఊపిరి బిగబట్టింది. సరిగ్గా అప్పుడు కారిడార్‌లో పీరియడ్ గంట మోగింది. ఆటోమేటిక్ గంట, దాని టైం ప్రకారం అది మోగింది. ఆవిడ విల్లు పైకెత్తి, గంట ఆగేదాకా తలవంచుకుని నిలబడి, మళ్లీ అక్కడి నుంచే అందుకున్నారు. ఆ గంట స్విచ్ ఎక్కడుందో ఆ సాయంత్రం హాల్లో ఉన్న ఒక్కరికీ తెలియదు. నాతో సహా.

## 3. ఆహ్వానం: ఒక్క ఉత్తరంలో అన్నీ

ఫోన్‌లో అడగడం మర్యాద, ఉత్తరం రాయడం రక్షణ. ఫోన్‌లో సరే అనిపించుకున్న రోజే మెయిల్ పంపండి. మూడు నాలుగు నెలల ముందైతే మంచిది. అందులో ఇవన్నీ ఉండాలి:

- తేదీ, మొదలయ్యే గంట, ముగిసే గంట
- వినేవాళ్లు ఎవరు, ఏ సంవత్సరం విద్యార్థులు, సుమారు ఎంతమంది, వాళ్లకి ఆ విషయం గురించి ఎంత తెలుసు
- ఉపన్యాసం ఎంతసేపు, ప్రశ్నలకి ఎంతసేపు
- ఏ భాషలో మాట్లాడితే బాగుంటుంది
- పారితోషికం ఎంత, పన్ను కోత ఉంటే ఎంత, ఎన్ని రోజుల్లో చేతికొస్తుంది
- ప్రయాణం, బస ఎవరు చూస్తారు, టికెట్లు మనం కొంటామా, వారు కొన్నాక ఇస్తామా
- రికార్డు చేస్తామా
- ఏ తేదీలోపు జవాబు కావాలి
- ఆ రోజు ఫోన్ ఎత్తే మనిషి ఎవరు (ఒక్కరే, కమిటీ కాదు)

"మీకు నచ్చిన అంశం మీద మాట్లాడండి" అని రాయకండి. గౌరవం చూపిస్తున్నాం అనుకుంటాం గానీ, ఆ మాట వల్ల అతిథి వేరే చోట ఇచ్చిన పాత ఉపన్యాసాన్నే మళ్లీ పట్టుకొస్తారు. "మా రెండో సంవత్సరం వాళ్లు ఈ సెమిస్టర్‌లో ఫలానా పాఠం చదువుతున్నారు, దాన్ని మీ పనిలో ఎలా వాడుతున్నారో చెప్పగలరా?" అని అడిగి చూడండి. అడిగినవాళ్లు ఆలోచించారని తెలిస్తే అతిథి కూడా ఆలోచించి వస్తారు.

డబ్బు మాట ఎత్తడానికి మొహమాటపడి "అది మేం చూసుకుంటాంలెండి" అంటే చివరికి ఇద్దరికీ ఇబ్బందే. ఇచ్చేది తక్కువైతే తక్కువనే రాయండి. ఏమీ ఇవ్వలేకపోతే అదే రాయండి. కళాకారుల విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. ప్రధాన కళాకారులకి ఇచ్చే మొత్తంలోనే పక్కవాద్యాలవాళ్లది కూడా ఉందా, విడిగా ఇవ్వాలా అన్నది ముందే తేల్చుకోండి.

## 4. అనుమతులు విడివిడిగా

"రికార్డు చేసుకోవచ్చా?" అంటే "ఓ, దాందేముంది" అంటారు. ఆ జవాబు చాలదు. రికార్డు చేయడం ఒకటి, ప్రత్యక్ష ప్రసారం ఒకటి, తర్వాత ఇంటర్నెట్‌లో పెట్టడం ఒకటి. మూడింటికీ విడివిడిగా, రాతపూర్వకంగా అవునో కాదో తీసుకోండి. ఇంకా అచ్చుకాని పరిశోధన గురించి మాట్లాడే శాస్త్రవేత్త మొదటిదానికి ఒప్పుకుని మూడోదానికి ఒప్పుకోకపోవచ్చు.

కచేరీకి ఇంకో మెలిక ఉంది. పాడేవారి అనుమతి వేరు, పాట రాసి, స్వరపరిచినవారి హక్కు వేరు. హక్కుల గడువు తీరని రచన అయితే బహిరంగంగా వాయించడానికి చాలా దేశాల్లో కాపీరైట్ సంఘం నుంచి లైసెన్సు తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో పెట్టాలంటే అది మళ్లీ వేరే. తరగతి గదికి వర్తించే మినహాయింపు టికెట్ పెట్టి అందరినీ పిలిచే కచేరీకి వర్తించకపోవచ్చు. పాటల జాబితా నెల ముందే తీసుకుని కాలేజీ ఆఫీసులో చూపించండి.

## 5. సాంకేతిక కాగితం

నాలుగు వారాల ముందు అతిథికి ఒక పేజీ ఫారం పంపండి. మీ దగ్గర ఏమున్నాయో అందులో మీరే రాయండి, వారికి ఏం కావాలో వారు నింపుతారు.

లెక్చర్‌కి: సొంత ల్యాప్‌టాపా, మనదా? హెచ్‌డీఎంఐనా, యూఎస్‌బీ-సీనా? స్లైడ్లలో వీడియో ఉందా, దానికి శబ్దం ఉందా? చేతి మైకా, కాలర్ మైకా? బోర్డు మీద రాస్తారా? తెలుగు స్లైడ్లుంటే పీడీఎఫ్ కాపీ కూడా తప్పక తెప్పించండి. ఫాంట్ లేని కంప్యూటర్‌లో ఒత్తులన్నీ విడిపోయి, అక్షరాల చోట ఖాళీ డబ్బాలు కనిపిస్తుంటే ఆ పది నిమిషాలు వక్త ముఖం చూడలేం.

కచేరీకి: ఎవరెక్కడ కూర్చుంటారో బొమ్మ గీసి పంపమనండి. చేయి తిరిగిన చిత్రం అక్కర్లేదు, నాలుగు గళ్లు, నాలుగు బాణాలు చాలు. ఎన్ని మైకులు, ఎన్ని మానిటర్లు (కళాకారులకి తమ శబ్దం వినిపించే వేదిక స్పీకర్లు), కుర్చీలా, కింద కూర్చునే ఎత్తు వేదికా, ప్లగ్ పాయింట్లు ఎక్కడ కావాలి, అన్నీ దాని మీదే రాసేయొచ్చు.

పియానో ఉంటే కదిపిన తర్వాతే శ్రుతి చేయించాలి, ముందు చేయిస్తే ఆ డబ్బు దండగే. శ్రుతికి ఆధారంగా పెట్టుకునే పాశ్చాత్య స్వరం "A"కి అంతర్జాతీయ ప్రమాణం 440 హెర్ట్జ్. కొన్ని ఆర్కెస్ట్రాలు 442కి చేసుకుంటాయి కాబట్టి ఏది కావాలో కళాకారులనే అడగండి. శ్రుతి చేసేవారికి గంటన్నర, రెండు గంటల నిశ్శబ్దం కావాలి. మనవాళ్లు కుర్చీలు లాగేది, వేదిక ఊడ్చేది సరిగ్గా అప్పుడే. ఆయన ఒక మెట్టు నొక్కి, చెవి దగ్గరపెట్టి, తీగ బిగించే మీట వెంట్రుకవాసి తిప్పుతుంటాడు. వెనక ధడేల్మని బెంచీ పడుతుంది. "బాబూ, ఒక్క గంట..." అంటాడు. ఆ గంట మీ టైంటేబుల్‌లో రాసిపెట్టి, తలుపుకి కాగితం అంటించండి.

తోలు వాద్యాలకి శత్రువు హఠాత్తుగా మారే వాతావరణం. ఏసీ ఉన్న హాలైతే జనం వచ్చాక వేయొద్దు, రెండు గంటల ముందే వేసి ఒకే ఉష్ణోగ్రత మీద ఉంచండి. లేకపోతే రెండు పాటలకోసారి ఆగి శ్రుతి చేసుకుంటూనే ఉండాలి.

## 6. జనం

హాజరు వేస్తామని చెప్పి క్లాసుల్ని తోలుకొచ్చి హాలు నింపడం సులువే. అలా నింపిన హాల్లో ఫోన్ల వెలుగే ఎక్కువ కనిపిస్తుంది. ఒక్కసారి అలా చేస్తే విద్యార్థుల దృష్టిలో మీ సిరీస్ శిక్షల జాబితాలో చేరిపోతుంది. నేను చేసేది ఒకటే. సంబంధించిన పాఠం చెప్పే లెక్చరర్ దగ్గరికి రెండు వారాల ముందు వెళ్లి, "క్లాసులో మీరొక్క ఐదు నిమిషాలు దీని గురించి చెప్పండి మేడమ్" అని అడుగుతాను. వంద పోస్టర్ల పని ఆ ఐదు నిమిషాలు చేస్తాయి.

పోస్టర్ మీద పదవులు తగ్గించి ప్రశ్న రాయండి. మైక్రోఫోన్ గురించిన ఉపన్యాసానికి "మీ గొంతు రికార్డింగ్‌లో మీకే ఎందుకు నచ్చదు?" అని ఉంటే ఆగి చదువుతారు. ప్రవేశం ఉచితమైతే పేరు నమోదు చేసుకున్నవాళ్లందరూ రారు. కుర్చీల లెక్క ఆ జాబితాని బట్టి వేయకండి.

చక్రాల కుర్చీలో వచ్చేవాళ్లకి దారి, సరిగా వినపడనివాళ్లకి ముందు వరుసలో చోటు, సైగభాష దుభాషి ఉంటే వారికి రెండు రోజుల ముందే స్లైడ్లు. ఇవి అడిగాక చేసేవి కాదు, పోస్టర్ మీదే ఉన్నాయని రాయాలి.

## 7. ఆ రోజు

నాలుగున్నరకి కార్యక్రమం అనుకుంటే నా టైంటేబుల్ ఇలా ఉంటుంది:

- 12:00: హాలు తాళం మన చేతికి. పియానో ఉంటే శ్రుతి మొదలు
- 2:00: ఏసీ, లైట్లు, కుర్చీలు, వైర్ల మీద టేపు
- 2:30: వైర్‌లెస్ మైకుల్లో కొత్త బ్యాటరీలు (నిన్నటివి బాగానే ఉన్నాయన్న మాట వినొద్దు)
- 2:45: సౌండ్ చెక్, స్లైడ్లు మొదటి నుంచి చివరి దాకా, వీడియో శబ్దంతో సహా
- 3:45: అతిథికి ఒంటరిగా కూర్చునే గది, మంచినీళ్లు
- 4:00: తలుపులు తెరవడం
- 4:25: గంట ఆపడం, బయటి తలుపు దగ్గర ఒక వాలంటీర్
- 4:30: మొదలు

సౌండ్ చెక్ ఖాళీ హాల్లో చేస్తాం, కార్యక్రమం నిండు హాల్లో జరుగుతుంది. జనం చేరాక శబ్దం తగ్గినట్టు, ఎండినట్టు వినిపిస్తుంది. ఆపరేటర్‌కి ఇది తెలుసు, కానీ వెనక వరుసలో నిలబడి చేయి ఊపే మనిషి ఒకరుండాలి.

మెట్ల మీద, నడిచే దారిలో అదనపు కుర్చీలు వేయొద్దు. ఎవరు అడిగినా వేయొద్దు.

## 8. వేదిక మీద

పరిచయం ఒకటిన్నర నిమిషం. బయోడేటా చదవకండి. ఈ మనిషి ఈ విషయం మీద మాట్లాడటానికి ఎందుకు తగినవారో చెబితే చాలు. పేరు ఎలా పలకాలో వారినే అడిగి రాసుకోండి. మాట్లాడే పెద్దలు నలుగురుంటే నలుగురికీ కలిపి ఐదు నిమిషాలు. ముఖ్య అతిథి మైకు అందుకునేసరికి అరగంట గడిచిపోయిన సభలు చాలా చూశాను, ఆ అరగంట చివర్లో ప్రశ్నల సమయంలోంచే పోతుంది.

ఉపన్యాసం నలభై, నలభై ఐదు నిమిషాలు, ప్రశ్నలు ఇరవై. మొదటి ప్రశ్నకి ఎవరూ లేవరు. అందుకని ఇద్దరు విద్యార్థుల్ని ముందే సిద్ధం చేయండి, ప్రశ్న మాత్రం మీరు రాసివ్వకండి, వాళ్లదే అడగనివ్వండి. మైకు ప్రశ్న అడిగేవాళ్ల చేతికి ఇవ్వకుండా వాలంటీర్ పట్టుకుంటే, ప్రశ్న పేరుతో ఇంకో ఉపన్యాసం మొదలవ్వదు. ఇది కాస్త గడుసుతనమే, కానీ పనిచేస్తుంది.

## 9. పనిచెడే చోట్లు, మరమ్మతు

మైకు కీచుమంటే. చూడండి, మైకు స్పీకర్ బాక్సుల ముందుకి వచ్చిందా? వక్త మైకు జాలీని గుప్పిట్లో మూసి పట్టుకున్నారా? రెండూ కాకపోతే మైకుని నోటికి దగ్గర చేయండి. దూరం సగమైతే మైకుకి అందే గొంతు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, ఆ మేరకు ఆపరేటర్ వాల్యూమ్ తగ్గించుకోవచ్చు.

గుయ్యిమనే మోత. ల్యాప్‌టాప్ తగిలించాకే మొదలైతే ఛార్జర్ పీకి చూడండి. ఆగిపోతే గ్రౌండ్ లూప్, అంటే రెండు పరికరాలు వేర్వేరు దారుల్లో ఎర్త్ అవడం వల్ల పుట్టే మోత. మధ్యలో ఐసొలేషన్ ఉన్న డీఐ బాక్స్ (ఆ రెంటి కరెంటు దారిని విడదీసే చిన్న పెట్టె) పెట్టాలి. ఎర్త్ పిన్ను విరగ్గొట్టి మోత ఆపే నేర్పరులు ఉంటారు, వాళ్లని స్విచ్‌బోర్డు దగ్గరికి రానివ్వకండి. ప్రాణాల మీదకొస్తుంది.

కండెన్సర్ మైకు పలకకపోతే. మిక్సర్‌లో 48 వోల్టుల ఫాంటమ్ పవర్ (ఆ రకం మైకుకి వైరులోంచే అందించే కరెంటు) వేశారో లేదో చూడండి. వేసే ముందు ఆ ఛానల్ మ్యూట్ చేయాలి, లేకపోతే స్పీకర్లలోంచి పేలినట్టు చప్పుడొస్తుంది.

వెనక వరుసలకి మాట రెండుసార్లు వినిపిస్తే. శబ్దం సెకనుకి సుమారు 343 మీటర్లు వెళుతుంది. ముందు బాక్సులకి 17 మీటర్ల వెనక ఇంకో జత పెడితే, వాటికి దాదాపు 50 మిల్లీసెకన్ల ఆలస్యం ఇవ్వాలి. ఆ సౌకర్యం లేని మిక్సర్ అయితే వెనక బాక్సులు బాగా తగ్గించేయండి.

పక్కపక్క మైకుల్లో గొంతు బోలుగా వినిపిస్తే. నోటికీ మైకుకీ ఎంత దూరమో, రెండు మైకుల మధ్య కనీసం దానికి మూడు రెట్లు ఉండాలి.

అతిథి రాలేదు. ఇంకో గంటలో వస్తున్నారంటే సర్దుకోండి, అసలు రారంటే వెంటనే చెప్పేయండి. "దారిలో ఉన్నారు" అని జనాన్ని కూర్చోబెట్టకండి. ఏడాదికి ఒక్క ఉపన్యాసం సొంత లెక్చరర్ల చేత సిద్ధం చేయించి ఉంచుకుంటే ఇలాంటి రోజున అక్కరకొస్తుంది.

## 10. అయిపోయాక

మర్నాడే ధన్యవాదాల మెయిల్, ఫొటోలు పంపండి. అకౌంట్స్ సెక్షన్‌కి వోచర్ అదే వారం చేరాలి. బిల్లు నెలల తరబడి తిరిగితే అతిథి మీతో ఏమీ అనరు. ఇంకోసారి పిలిస్తే తీరిక లేదంటారు, అంతే.

తర్వాత ఆ కార్యక్రమానికి ఒక పేజీ రాసి ఫైల్లో పెట్టండి. ఎంతమంది వచ్చారు, ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి ముగిసింది, ఏం ఖర్చయింది, ఏ మైకు చెడింది, ఏ తాళం ఎవరి దగ్గరుంది. మీ తర్వాత వచ్చే కన్వీనర్‌కి వక్తల జాబితా కంటే ఈ పేజీలే ఎక్కువ పనికొస్తాయి.

మా ఫైల్లో మొదటి పేజీ మొదటి లైను ఇదీ: "గంట టైమర్ పరీక్షల విభాగం పక్క మెట్ల కింద గదిలో, ఎడమవైపు రెండో స్విచ్. తాళం రాత్రి వాచ్‌మన్ దగ్గర, ఆయన డ్యూటీకొచ్చేది ఐదింటికి. కాబట్టి ముందు రోజు సాయంత్రమే అడిగి తీసుకోవాలి."